హ్యాండ్‌బ్యాగులో గుప్పెడు బియ్యం

నలభై దాటి, ఇద్దరు పిల్లల తల్లినై ఉండి, డాక్టరమ్మ దగ్గర అబద్ధమాడాను. "బియ్యం గానీ బలపాలు గానీ తినాలనిపిస్తుందా అమ్మా?" అని ఆవిడ అడిగితే, "ఛఛ, అలాంటివేం లేవండీ" అన్నాను. అప్పటికి నా హ్యాండ్‌బ్యాగులో, జిప్పున్న అరలో, గుప్పెడు సోనా మసూరి ఉంది.

పచ్చిబియ్యమంటే అప్పట్లో ప్రాణం. కడిగి నీళ్లోడ్చినవైతే మరీనూ. రాళ్లేరుతున్నట్టు చేట ముందేసుకుని పలుకు పలుకూ నమిలేదాన్ని. "ఇలా తింటే నీ పెళ్లికి వానొస్తుందే" అని చిన్నప్పుడు అమ్మమ్మ బెదిరించేది. పెళ్లయిపోయింది, ఇంకేం భయం? మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని వయసు ఖాతాలో, రాలే జుట్టుని బోరునీళ్ల ఖాతాలో రాసేశాను. ఒంట్లో ఇనుము అడుగంటితే బియ్యం, మట్టి, సుద్ద, ఐసుముక్కల మీదికి మనసు పోతుందనీ, దాన్ని పైకా అంటారనీ తర్వాత తెలిసింది.

హిమోగ్లోబిన్ 8 దగ్గరుంది. ఆడవాళ్లకి 12 తగ్గకూడదు. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాస్తే, వాటికి తోడు నేను బీట్‌రూట్ రసం మొదలెట్టాను. అంత ఎర్రటిది రక్తం కాక ఏమవుతుందని నా ధీమా! వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక్క మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలంది. ఆ లెక్కన రోజూ దుంపలే నమలాలి, మూడు కిలోల పైచిలుకు.

అసలు ఘనకార్యం ఇది కాదు. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని చిక్కటి టీతో మింగేదాన్ని. తోటకూర పప్పుతో అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మళ్లీ టీ. అసలే మన అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది నూటికి పది వంతులు కూడా ఉండదు. టీలోని టానిన్లు ఆ కాస్తలోనూ చాలావరకు పేగులు దాటనివ్వవు. కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె కదల్లేదు. మాత్రలు నకిలీవని తీర్పు చెప్పిందీ నేనే.

"దేంతో మింగుతున్నారు?" అందావిడ. చెప్పాను. ఆ ఊపులో బియ్యం సంగతీ కక్కేశాను. "బియ్యంతో ఆగారు, నయం" అని చీటీ మీద ఏదో రాసుకుంది.

ఇప్పుడు మాత్ర పరగడుపున, నిమ్మకాయ నీళ్లతో. విటమిన్ సి తోడుంటే ఇనుము బాగా పడుతుందట. విరేచనం నల్లగా అయ్యేసరికి హడలిపోయి ఫోన్ చేశాను, అది మాత్ర గుణమేనని నవ్వింది. చిత్రమేమిటంటే, హిమోగ్లోబిన్ అంకె పెరగకముందే బియ్యం మీద మోజు పోయింది. ఎసట్లో పోస్తూ నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, రుచించక ఉమ్మేశాను.

టీ మానలేదు, భోజనానికి గంటన్నర ఎడం జరిపానంతే. ఏ నియమమూ లేని మా ఆయన మాత్రం అన్నం తినగానే గ్లాసు పట్టుకొచ్చి నా ఎదురుగానే కూర్చుంటారు, ఊదుకుంటూ.