చార్మినార్ కంటే పాత చార్మినార్

తోడల్లుడు కొత్త ఫ్లాటు కొన్నాడంటే మీకు మాత్రం లోపలెక్కడో చురుక్కుమనదూ? అబద్ధం చెప్పకండి. ఆ చురుకులోనే నేను పోయి నిజాం నాటి వెండి రూపాయి కొన్నాను. ఆయనకి చదరపుటడుగులుంటే నాకు చరిత్ర ఉండద్దూ!

నాణేనికి నడుమ చార్మినార్, దాని వాకిట్లో ఒకే ఒక్క అక్షరం. చుట్టూ ఫార్సీ రాత. భూతద్దం కొన్నాను, వెల్వెట్ పెట్టె కొన్నాను. ఆ రెండింటి ఖర్చూ రూపాయి ఖరీదుని మించిపోయింది. అంకెల పట్టిక ముందేసుకుని కళ్ళు కాయలు కాచేదాకా చూసి సంవత్సరం పట్టేశాను: 1337. చదవడంలో తప్పు లేదండీ, ఒట్టు. బుర్ర ఉపయోగించడం ఆ తర్వాతే మొదలైంది.

1337! ప్రతాపరుద్రుడు పోయి పద్నాలుగేళ్ళు. విజయనగరం పుట్టిన మరుసటేడు. అంతటిది నా చొక్కా జేబులో!

గృహప్రవేశం రోజు అందరూ మార్బుల్ నేలని మెచ్చుకుంటున్నారు. ఆగలేకపోయాను. పెట్టె తీశాను, మూత తెరిచాను, దాదాపు ఏడొందల ఏళ్ళన్నాను, మ్యూజియం వాళ్ళు వెంటపడుతున్నారన్నాను, ఎంతకీ అమ్మనన్నాను, మార్బుల్ వదిలేసి జనం నా చుట్టూ మూగారు, నేను ఇంకో రెండంగుళాలు పెరిగాను. అప్పుడు మా ఆవిడ మేనమామగారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు: "అల్లుడుగారూ, చార్మినార్ ఎప్పుడు కట్టారు?"

"1591!" అన్నాను, క్విజ్‌లో ముందు చెయ్యెత్తిన కుర్రాడిలా.

నవ్వు ముందు తోడల్లుడి దగ్గర్నుంచే వచ్చింది.

నోరు మూసుకుని పులిహోర తినాల్సిన సమయం. తింటామా? "అంటే, ఇది హిజ్రీ అండీ! 622 కలపాలి" అని అక్కడికక్కడే కూడేశాను. 1959 వచ్చింది. "1948లోనే రాజ్యం పోయింది కదయ్యా, 1957లో నయాపైసలు కూడా వచ్చేశాయి. అప్పుడు ఎవరు కొట్టించారు దీన్ని?" అన్నారాయన. ఈసారి వంటవాళ్ళు కూడా నవ్వారు.

పాపం ఆయనే విప్పి చెప్పారు. హిజ్రీ ఏడాది చంద్రుడి లెక్క, మనదానికంటే పదకొండు రోజులు పొట్టి. అక్కడి 33 ఏళ్ళు ఇక్కడి 32. ఆ తరుగు తీసేశాకే 622 కలపాలి. నా ఏడొందల ఏళ్ళ నిధి 1918-19 నాటి హాలీ సిక్కా. వాకిట్లో అక్షరం 'ఐన్', ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటిది. అంతకుముందు మహబూబ్ అలీఖాన్ రూపాయల్లో అక్కడ 'మీమ్' ఉండేది. ఏలుబడిలో ఎన్నో ఏడో కూడా నాణెం వెనక విడిగా ఉంటుందట. నేను వెనక్కి తిప్పితే కదా! పైకి కనిపించేదాన్నే చూసి మురిసిపోవడం నా ఒక్కడి జబ్బేనంటారా?

బుద్ధి వచ్చిందనుకునేరు. ఆ ఐన్‌లోనూ రెండు రకాలున్నాయని ఈమధ్యే తెలిసింది: పొట్టిదీ, పూర్తిదీ. పొట్టిది ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలోది. 1337 నాటికి అంతా పూర్తిదే. నా రూపాయి మీద మాత్రం, భూతద్దాన్ని కాస్త వంచి చూస్తే, పొట్టిగానే ఉంది. అరిగిపోయిందంటాడు దుకాణంవాడు. వాడికేం తెలుసండీ! వచ్చే నెల తోడల్లుడి కొడుక్కి ఒడుగు. ఈ సంగతి మేనమామగారికి చెప్పకండి.