కన్నులకు నల్లపట్టీ, పేరునకు పెద్దపీట

రోగిని చూచుట పూర్వకాలపు వైద్యునకు ధర్మముగా నుండెను. రోగిని చూపుట నేటి వైద్యునకు అభ్యుదయమార్గమైనది. బెల్‌ఫాస్ట్ నగరమున నివసించు మన తెలుగు యువవైద్యులతో విందుభోజనమునకు కూర్చున్నవారెవరైనను ఈ సత్యమును అన్నముతోపాటు గ్రహింపవచ్చును. గుంటూరులోనో కాకినాడలోనో ఎం.బి.బి.ఎస్. ముగించి, విదేశవైద్యులకు బ్రిటన్ పెట్టు ప్లాబ్ పరీక్ష గట్టెక్కి, లగాన్ నదీతీరమున ఎడతెగని చినుకులకు అలవాటుపడి, రాత్రి డ్యూటీలతో కన్నులు గుంటలుపడిన ఆ బిడ్డలు, పప్పులో నెయ్యి వేసికొనుచు తాము చూచిన వింతరోగమును గూర్చి చెప్పుకొనునప్పుడు, ఆ రోగి బ్రదికెనా యని అడుగువాడు వట్టి అమాయకుడు. అది వైద్యపత్రికల సూచికయగు పబ్‌మెడ్‌లో ఎక్కునా, ఫస్ట్ ఆథర్ ఎవరు, ఫీజు ఎంత యని అడుగువాడు లోకజ్ఞుడు. వారిని నేను నిందింపను. స్పెషాలిటీ ట్రైనింగు దరఖాస్తులో పబ్లికేషన్లకొక గడి యున్నది. ఆ గడికి పాయింట్లున్నవి. అవి చాలక ఇంటర్వ్యూకు పిలుపు రానివాడు మరియొక యేడు రాత్రులు మేల్కొనవలసినదే. ఆకలిగొన్నవానిని గాక, ఆ గడిని సృష్టించి అదియే విద్వత్తునకు కొలమానమని నమ్మించినవారిని, ఆ నమ్మకమును పెట్టుబడిగా పెట్టి పత్రికాదుకాణములు తెరచినవారిని గూర్చియే నాలుగు మాటలు చెప్పబూనితిని.

రోగి వృత్తాంతమును పత్రికలో ప్రకటించు కేసు రిపోర్టు మహత్తరమైన ప్రక్రియ యనుటలో నాకు సందేహము లేదు. నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు సీమ పల్లెలలో పండ్లు గారపట్టి, వెన్నులు బిగిసి, నడివయసుననే వంగిపోయిన రైతుల దురవస్థను 1937లో షార్ట్ మొదలగు వైద్యులు ప్రకటింపకయున్నచో, బావినీటిలోని ఫ్లోరైడే ఆ యెముకల పాలిటి శాపమని మన దేశము ఇంకెంత కాలమునకు గ్రహించియుండెడిదో! థాలిడోమైడ్ మాత్ర మ్రింగిన తల్లులకు అంగవైకల్యముతో బిడ్డలు పుట్టుచున్నారని 1961లో మెక్‌బ్రైడ్ అను ఆస్ట్రేలియా వైద్యుడు లాన్సెట్ పత్రికకు వ్రాసినది కొద్ది వాక్యముల లేఖ మాత్రమే. 1981 జూన్ 5న వెలువడిన యొక చిన్న నివేదికలో లాస్ ఏంజిలిస్‌లోని ఐదుగురు యువకులకు సోకిన వింత న్యుమోనియా వృత్తాంతమున్నది. ఎయిడ్స్ మహమ్మారి చరిత్రకు అదియే మొదటి పుట. ఈ బెల్‌ఫాస్ట్ మాత్రము తక్కువ తిన్నదా? 1853లో పుట్టిన క్లినికల్ అండ్ పాథలాజికల్ సొసైటీ, తనకంటె పెద్దదైన మెడికల్ సొసైటీతో 1862లో కలసి అల్‌స్టర్ మెడికల్ సొసైటీ యాయెను. అది 1932 నుండి నడుపుచున్న జర్నల్ యొక్క పాత సంపుటములలోని కేసు రిపోర్టులను నేడెవరైనను కానీ ఖర్చులేక ఇంటర్నెట్టులో చదువవచ్చును. తీరిక దొరికినప్పుడు నేను చదువుచునేయుందును. ఆ వైద్యులు ఆశ్చర్యపడి వ్రాసిరి. నేటివారు వ్రాయుటకై ఆశ్చర్యపడుచున్నారు.

ఈ ఆశ్చర్యోత్పాదనమునకు తిరుగులేని సూత్రమొకటి కలదు. "మాకు తెలిసినంతవరకు ప్రపంచమున ఇది మొట్టమొదటి కేసు" అనునదే ఆ మహావాక్యము. ఈ సీమలో జులై 12న జరుగు ఆరెంజ్ ఊరేగింపులో లాంబెగ్ అను పెద్దడోలు మ్రోగించి మణికట్టు వాచినవాడు సామాన్యుడు. అట్టివాడు ఎడమచేతి వాటము గలవాడును, మధుమేహియు, బాల్యమున ఆటలమ్మ సోకినవాడునైనచో ప్రపంచమున ఏకైకుడు! విశేషణములను ఒకదానిపై నొకటి పేర్చుకొనుచు పోయినచో ప్రతి మానవుడును ఎచ్చటనో యొకచోట అపూర్వుడు కాక తప్పదు. రోగమరుదైనది కాకపోయినను ఫొటో స్పష్టముగా వచ్చినచో చాలును. దానికి "క్లినికల్ ఇమేజ్" అని నామకరణము చేసి, క్రింద నూటయేబది మాటలు చేర్చి పంపవచ్చును. 1965లో ఇదే నగరమున డెబ్బది కిలోల డీఫిబ్రిలేటరును కారు బ్యాటరీలతో నడుపుచు ఆంబులెన్సు కెక్కించి, 1967లో లాన్సెట్ పత్రికయందా వృత్తాంతము ప్రకటించి, ఆగిన గుండెలను వీథిలోనే కదలింపవచ్చునని లోకమునకు నేర్పిన ఫ్రాంక్ పాంట్రిడ్జ్ నేడు దరఖాస్తు చేతబట్టుకొని వచ్చినచో, "అయ్యా, తమ ఇమేజులు మొత్తమెన్ని?" అని అడుగకుందురా?

ఇక కర్తల సంగతి. రెండు పుటల రచనకు ఆరుగురు కర్తలు. వ్రాసినవాడొకడు, స్కాను చూచినవాడొకడు, మంచము ప్రక్కగా ఒకనాడు నడచిపోయినవాడొకడు, కామాలు సరిదిద్దిన స్నేహితుడొకడు, మునుపు తన రచనలో వీనిపేరు చేర్చినందున ఋణవిమోచనార్థము చేరినవాడొకడు, అందరికిని చివర, ఏమియు చదువక "ఫైన్" అని ఫోనులో ఆశీర్వదించిన కన్సల్టెంటు. ఇట్టి ఆశీర్వచనముల ఫలమెట్లుండునో 1994లో లండన్ నగరము చూచినది. గర్భాశయము వెలుపల నిలిచిన పిండమును లోపలికి మార్చి ప్రసవము గావించితినని మాల్కమ్ పియర్స్ అను వైద్యుడొక కేసు రిపోర్టు ప్రకటించెను. కర్తలలో చేరిన పెద్దమనిషి, ఆ పత్రికకే సంపాదకుడు, ప్రసూతివైద్యుల రాయల్ కాలేజీకి అధ్యక్షుడు. లోపమెల్ల ఒక్కటే: అట్టి రోగి లేదు. మరుసటి యేడు జనరల్ మెడికల్ కౌన్సిల్ పియర్స్ పేరును రిజిస్టరునుండి కొట్టివేసెను. పెద్దమనిషి పదవులు వదలుకొనెను. ఆ రోగిణి పుట్టనే లేదు గావున ఆమె వ్రణచ్ఛాయాచిత్రము లోకమునకెక్కు ప్రమాదము మాత్రము తప్పినది.

నిజముగా పుట్టిన రోగుల కా యదృష్టము లేదు. పాండిత్యము ధనికుల గ్రంథాలయములలో బందీయై యుండరాదని బుడాపెస్ట్‌నందు సమావేశమైన కొందరు విద్వాంసులు 2002లో ప్రకటించినప్పుడు ఓపెన్ యాక్సెస్ అను మాటకు గొప్ప తేజస్సుండెను. ఒంగోలులోని డాక్టరు డబ్బు చెల్లింపకయే లండన్ డాక్టరు చదివినదెల్ల చదువగలుగుట పుణ్యకార్యము కాదని ఎవడనును? కాని చదువువాడు చెల్లింపనిది వ్రాయువాడు చెల్లించవలసివచ్చినది; ఫీజు వందల పౌండ్లలో నుండును, కొన్నిచోట్ల వేయి దాటును. చెల్లించినంతట రచన తలుపులు బార్లా తెరచుకొనును. తెరచుకొన్న తలుపులో మొదట కనబడునది రోగి పుండు. క్రియేటివ్ కామన్స్ సి.సి. బై అను లైసెన్సు క్రింద ఆ చిత్రమును ఎవడైనను, ఎచ్చటనైనను, వ్యాపారమునకైనను వాడుకొనవచ్చును. కర్త పేరు పేర్కొన్న చాలును. కర్త యెవరు? పుండు పడినవాడు కాదు, కెమెరా పట్టినవాడు! వాడుకొనువాడు డాక్టరుగారికి కృతజ్ఞత చెప్పవలెనట.

రోగి గోప్యతను కాపాడితిమని చూపుటకు కన్నులపై నొక నల్లపట్టీ గీయుదురు. కన్నులు మూసినంతమాత్రమున మనిషి మరుగుపడడని వైద్యపత్రికా సంపాదకుల అంతర్జాతీయ సమితి ఎన్నడో తేల్చినది. అయినను పట్టీపై మనవారికి మక్కువ పోలేదు. ఆ క్రిందనే "ఉత్తర ఐర్లండుకు చెందిన నడివయస్కుడగు జాలరి" అని వ్రాయుదురు. ఇరువది లక్షలైనను నిండని ఈ సీమలో, ఎవరి మేనత్త ఎవరి బడిలో చదివెనో అందరికిని తెలియుచోట, ఆ జాలరి యెవడో కనుగొనుటకు వాని రేవులో ఒక్క టీ త్రాగు వ్యవధి చాలదా?

సమ్మతిపత్రముపై సంతకము చేయించితిమి గదా యందురు. చేతికి సెలైను, ఒంటిపై వెనుక ముడులు వీడిన ఆసుపత్రి గౌను, రేపటి ఆపరేషనును గూర్చిన బెంగ. ఆ దశలో నున్నవాడు తనను బ్రదికింపబోవు డాక్టరుగారి మాట కాదనగలడా? పైగా అతడు సంతకము చేసినది డాక్టర్లు చదువుకొందురనుకొని. దుబాయిలోని లేపనముల వ్యాపారియు వాడుకొనవచ్చునని కాదు.

వ్యాపారమన్నంతట మన తెలుగుగడ్డకు రావలసిన కీర్తిని దాచరాదు. హైదరాబాదులో వెలసిన ఓమిక్స్ సంస్థ వందలకొలది ఓపెన్ యాక్సెస్ పత్రికలను నడిపెను. పరీక్షింపక ఫీజుకై అచ్చువేయు ఇట్టి పత్రికలకు "ప్రిడేటరీ" అని వేటాడు మృగముల పేరు పెట్టిన కొలరాడో గ్రంథపాలకుడు జెఫ్రీ బీల్‌పై వంద కోట్ల డాలర్లకు దావా వేయుదుమని 2013లో ఆ సంస్థ బెదిరించెను. తుదకు ఆ సంస్థపైననే దావా వేసినది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 2016లో. పండితపరీక్ష జరుగునని నమ్మించినందులకు, ఫీజులను మరుగుపరచినందులకు, రానివారిని సదస్సులకు వచ్చుచున్నారని చాటినందులకు నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానము 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు చెప్పెను. ఈ జాతి పత్రికల ఆహ్వానలేఖలు నేటికిని రాత్రి డ్యూటీ ముగించిన పిల్లల ఫోనులలో వాలుచునేయున్నవి: "మహనీయులగు డాక్టరుగారికి నమస్సులు! తమ అద్వితీయ ప్రతిభను గుర్తించితిమి. శుక్రవారములోగా రెండు పుటలు పంపుడు." కన్నతల్లి గుర్తింపని ప్రతిభను గుర్తించు ఆ యాదరమునకు కరగనివాడెవడు?

2013లో వెలువడిన కేర్ మార్గదర్శకములు, కేసు రిపోర్టులో రోగి తన యనుభవమును తన మాటలలో చెప్పుకొనుటకు కొంత చోటు విడువవలెనని కోరుచున్నవి. ఆ చోటు తరచుగా శూన్యముగనే యుండును. కావున నేనొక సంస్కరణను ప్రతిపాదించుచున్నాను. ఇకపై రోగి పేరును, అతడు కోరినచో, మొదటి కర్తగా పెద్దయక్షరములలో ముద్రింపవలెను. వ్యాధిని సమకూర్చినవాడు, ప్రయోగమును తన దేహముపై భరించినవాడు, అతడే గదా. లేపనముల వ్యాపారి ఆ చిత్రము వాడుకొన్నచో ధన్యవాదములు, రొక్కము రెండును అతనికే చెందవలెను. తక్కిన ఆరుగురు కర్తల ఫొటోలను క్రింద వరుసగా అచ్చువేసి, ఒక్కొక్కరి కన్నులపై నొక నల్లపట్టీ గీసి, "బెల్‌ఫాస్ట్‌నందలి నడివయస్కుడగు కన్సల్టెంటు" అని వ్రాసిన చాలును. ఈ నిబంధనకు లోబడి రాబోవు శుక్రవారములోగా రెండు పుటలు పంపువారికి ఫీజు మొత్తము నేనే భరింతును.