58.32 : 41.68 సంసారం

‘పొరుగు రాష్ట్రం కంటే మా అప్పు తక్కువే’ అని అమరావతిలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు అనడం, తెల్లారేసరికి ఆ మాట న్యూజెర్సీలోని పార్సిప్పనీ చేరడం మామూలే. ఈ వారం మాత్రం ఒక సీమంతం విందులో అది తిరుగులేని తీర్పుగా వెలువడింది. తీర్పు చెప్పినాయనకు లేక్ హయావథాలో 30 ఏళ్ల మార్ట్‌గేజ్ ఉంది. ఆయన లెక్కలో అది అప్పు కాదు, ప్రాపర్టీ.

మాది తెనాలి, మా ఆవిడది వరంగల్. రాష్ట్రాలకు పనికొచ్చిన పద్ధతి సంసారానికి ఎందుకు పనికిరాదని విందు నుంచి ఇంటికొస్తూ రూట్ 46 మీదే తేల్చేసుకున్నాం. ఆ రాత్రే మా ఇంట్లో పునర్విభజన చట్టం అమల్లోకి వచ్చింది.

ఇంటి అప్పు 58.32 : 41.68. పెద్ద వాటా నాది. 2014లో జనాభా లెక్కన అలాగే పంచారు కదా! వంటగది పదేళ్లు ఉమ్మడి రాజధాని. ఆ తర్వాత అది ఆవిడది, నేను గరాజ్‌లో కొత్త వంటగదికి శంకుస్థాపన చేసుకోవాలి. అమరావతికి 2015లో ఒకసారి, 2025లో మరోసారి చేశారు కాబట్టి రెండుసార్లు చేసుకున్నా తప్పులేదు, ఆనవాయితీ ఉంది. గ్రైండరు, కుక్కరు, దేవుడి మందిరం ఆ చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్లలో పడ్డాయి. అంటే ఇక తేలవు.

కారు మా బావమరిది పేరు మీద కొన్నాను. లోను అతనిది, గ్యారంటీ సంతకం నాది, వాయిదా నాది, షికారూ నాదే. మా ఇంటి పద్దులో మాత్రం దాని ఊసుండదు. తెలంగాణ కాళేశ్వరం కార్పొరేషన్ పేరిట, ఆంధ్ర మద్యం అమ్మే కార్పొరేషన్ పేరిట అప్పు తెచ్చుకోలేదా?

పెత్తనం చేతులు మారితే శ్వేతపత్రం తప్పదు. 2023 డిసెంబరులో హైదరాబాద్ 6.71 లక్షల కోట్లంది. 2024 జులైలో అమరావతి 9.74 లక్షల కోట్లంది. ఈ రెండో లెక్కలో చెల్లించాల్సిన బిల్లులు కూడా కలిపారు. కొలతలు వేరైనా పందెం ఆగలేదు. మా ఆవిడ కూడా పగ్గాలు పట్టగానే ఫ్రిజ్ మీద తెల్లకాగితం అంటించింది: ‘గత పాలనలో కాస్ట్‌కో బిల్లులు’. నేను తీవ్రంగా ఖండించాను. బ్యాంకులో ఉన్నది తీసేసి నికరంగా చూడమన్నాను.

“ఉన్నదెంత మరి?” అంది.

జీఎస్‌డీపీలో శాతంగా చూడమన్నాను.

“మా అమ్మగారింట్ల అప్పు కట్టుడే తెలుసు, శాతాలు తెల్వవు” అంది. అధికారపక్షానికి ఆర్థికశాస్త్రం ఎక్కడ అర్థమవుతుంది!

వేళాకోళం చాలు. 2025లో బకాయిలు రాలేదని తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఒకచోట ఆరోగ్యశ్రీ, మరోచోట ఎన్టీఆర్ వైద్యసేవ. పేరేదైతేనేం, గేటు దగ్గర నిలబడ్డ రోగి ఒక్కడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ అందలేదని రెండు చోట్లా కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు బిగబట్టుకున్నాయి. ఉద్యోగం వచ్చి కూడా చేరలేని పిల్లకు పొరుగు రాష్ట్రం అప్పెంతో చెప్పి ఊరడిస్తారా? న్యూజెర్సీలో సగటు ఇంటి పన్ను ఏడాదికి 10 వేల డాలర్లు దాటిందని ఇంటింటా గొణుక్కునే మనం, ఆ రెండు రాష్ట్రాల అప్పుల మీద వడ్డీ ఎవరి నోటి దగ్గర కూడు లాక్కుని కడుతున్నారో అడగం. ఎవరి నాయకుడు తక్కువ ముంచాడో చప్పట్లు కొట్టి మరీ లెక్కేస్తాం. సిగ్గుండాలి మనకు! నాయకులకు ఆ పోలిక బతుకుతెరువు. మనకేం పోయేకాలం?

వచ్చే విందులో ఎవరైనా ‘మీ అప్పెంత?’ అంటే లెక్కలు తీయకండి. వాళ్ల ఊరి ఆసుపత్రికి, కాలేజీకి రావాల్సిన డబ్బు ఏ తేదీన ఇస్తారో వాళ్ల ఎమ్మెల్యేని అడిగి రమ్మనండి.