ఎవరికీ తెలియని జవాబు

1874లో ఇంగ్లండులో 'ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైన్స్' అనే పెద్ద గ్రంథం వెలువడింది. రాసినవాడు విలియం స్టాన్లీ జెవన్స్. మాంచెస్టర్‌లో ఆచార్యుడు. అర్థశాస్త్రంలో దిట్ట, తర్కంలో ఇంకా దిట్ట. తర్కాన్ని మీటలు నొక్కి నడిపే యంత్రమొకటి చేయించి, 1870లో రాయల్ సొసైటీ పండితుల ముందు ప్రదర్శించిన మేధావి.

కొన్ని పనులు చేయడం తేలికేగాని, చేసినదాన్ని విడదీయడం మహా కష్టమని ఆ పుస్తకంలో ఒకచోట చెప్పాడాయన. రెండు సంఖ్యలిస్తే గుణించడం ఎవరికైనా వస్తుంది. లబ్ధం మాత్రమే ఇచ్చి ఆ రెండూ ఏవో కనుక్కోమంటే? అలా పాఠకుల ముందు పెట్టిన సంఖ్య 8616460799. అక్షరాలా 861 కోట్ల 64 లక్షల 60 వేల 799. దీని కారణాంకాలు తనకు తప్ప ఇంకెవరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చని కూడా రాసేశాడు.

ఊరికే అన్న మాట కాదది. రెండు, మూడు, అయిదు, ఏడు అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోతే ఎనిమిది వేలకు పైగా భాగహారాలు చేయాలి. చేత్తో! ఇక ఆయన పట్టుకున్న మూలసూత్రమైతే ఎంత లోతైనదో చెప్పలేను. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ తయారుచేసిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి నిలబడింది సరిగ్గా ఈ కష్టం మీదే. వందేళ్ల ముందే దాన్ని చూసిన కన్ను జెవన్స్‌ది.

1882లో సముద్రంలో ఈతకు దిగి మునిగిపోయాడు పాపం. అప్పటికి 46 ఏళ్లే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా గణితవేత్త డెరిక్ నార్మన్ లెమర్ ఆ ముడి విప్పాడు. 89681, 96079. రెండూ ప్రధాన సంఖ్యలే.

ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత దగ్గరగా ఉన్నాయో! కారణాంకాలు దగ్గరగా ఉన్న సంఖ్యకు వేలకొద్దీ భాగహారాలు అక్కర్లేదు. దాని వర్గమూలం సుమారు 92824.9. కాబట్టి 92825 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి. ప్రతిదాన్నీ వర్గం చేసి, అందులోంచి జెవన్స్ సంఖ్యను తీసేసి, మిగిలింది ఖచ్చిత వర్గమేనా అని చూడాలి. 56వ ప్రయత్నంలో 92880 వస్తుంది. దాని వర్గంలోంచి తీసేస్తే మిగిలేది 10233601. అది 3199కి వర్గం. 92880లోంచి 3199 తీసేస్తే ఒక కారణాంకం, కలిపితే రెండోది. బేసి సంఖ్యల వంతు వచ్చినప్పుడు మిగిలేది ఖచ్చిత వర్గం కానేకాదు గనక వాటిని వదిలేస్తే, 28 ప్రయత్నాలే. కాగితం, కలం, కాస్త ఓపిక ఉంటే చాలు. జెవన్స్ కాలంలోనే చేత్తో సాధించగలిగి ఉండేవారని 1996లో సాలొమన్ గోలోంబ్ ఒక వ్యాసమే రాశాడు.

ఈ పద్ధతిని ఫ్రాన్సులో ఫెర్మా ఒక ఉత్తరంలో వివరించాడు. ఆ ఉత్తరం 1643 నాటిది. జెవన్స్ పుస్తకం కంటే 231 ఏళ్లు ముందు.