మెరిసేది మూత, మోసేది ఇరుసు

హైదరాబాదులో ఈ మధ్య ఒక కొత్త కులీనవర్గం పుట్టింది. వీరికి మేడమీద ఒక గది, గదిలో బల్లకెక్కిన బుల్లి లేత్ మిషన్, కింద సెల్లార్లో చక్రాలు ఊడదీసిన బుల్లెట్టు ఉంటాయి. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం పొద్దున్నే ఏప్రన్ కట్టుకుని ‘బిల్డరు’ అవతారం ఎత్తుతారు. ఐటీఐలో రెండేళ్లు టర్నర్ ట్రేడు చదివి, ఆపైన ఆటోనగర్లో కాళ్లు వాచేలా నిలబడి తల నెరిసినవాడు వీరి లెక్కలో ‘లేతు కుర్రాడు’. మిషన్ అట్టపెట్టె ఇంకా పారేయని వీరు మాత్రం బిల్డర్లు.

బిల్డరు గారి తొలి సృష్టి ఇంజిన్ ఆయిల్ మూత. అల్యూమినియం రాడ్డు చక్‌లో బిగించి, ఫేసింగ్ కొట్టి, అంచుకు నర్లింగ్ వేసి, నాలుగు వందల నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి పదిహేను వందల దాకా రుద్ది, బఫింగ్ చేసి, పైన తన పేరులోని మొదటి అక్షరం చెక్కుతారు. కంపెనీ మూత ఆయిల్ కారకుండా ఆపేది. ఇదీ ఆపుతుంది, కాకపోతే రబ్బరు రింగు మాత్రం కంపెనీదే వెయ్యాలి. తర్వాత హ్యాండిల్ చివరి బరువులు, ఆ తర్వాత ఫుట్‌రెస్టులు, గేర్ లివర్ పుల్ల. వరస గమనించారా? కంటికి ఎంత బాగా కనబడితే అంత ముందు. కనబడని వస్తువు వంతు వచ్చేసరికి బిల్డరు గారికి ఆదివారం సాయంత్రం అయిపోతుంది.

ఇక బోల్టుల సంగతి. బజారులో దొరికే మంచి బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకెలుంటాయి. మొదటి అంకెను వందతో హెచ్చిస్తే అది ఎన్ని మెగాపాస్కళ్ల లాగుడుకు తెగుతుందో తెలుస్తుంది. రెండో అంకె, అందులో ఎన్నో వంతు దగ్గర సాగిపోయి మళ్లీ వెనక్కి రాదో చెబుతుంది. అంటే బోల్టు తన జాతకం తన నెత్తిమీదే మోస్తుంది. బిల్డరు గారికి ఆ అంకెలు అసహ్యంగా కనిపిస్తాయి. లేతుకెక్కించి తల నున్నగా కోసేస్తారు. ఇంకాస్త కళాహృదయం ఉన్నవారైతే బోల్టునే పారేసి, బ్రేక్ కాలిపర్‌కు రంగుల అల్యూమినియం బోల్టు తిప్పుతారు. బ్రేకు పట్టకపోయినా ఫొటోలో నీలం బాగా పడుతుంది.

చక్రం హబ్బులో రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది, స్పేసర్ అంటారు. బండి మొత్తంలో దీనికన్నా అనామకమైన భాగం లేదు. కానీ ఇది కావలసినదానికన్నా వెంట్రుకవాసి పొట్టిదైతే, యాక్సిల్ నట్టు బిగించగానే బేరింగుల లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి లాక్కుపోతాయి. గుళ్లు పక్కకు ఒరుసుకుంటాయి, వేడెక్కుతాయి, బేరింగు చస్తుంది. ఇక్కడ కావలసింది మైక్రోమీటరు, ఓపిక. బిల్డరు గారి దగ్గర ఉన్నది టేపు, ఆత్మవిశ్వాసం. పైగా చాలా లేతు మిషన్లలో చేతిచక్రం మీద పదో వంతు మిల్లీమీటరు లోపలికి తిప్పితే రాడ్డు అడ్డకొలతలో అయిదో వంతు మిల్లీమీటరు పోతుంది. సగం తెలిసినవాడికి రెట్టింపు నష్టం అని ఆ మిషన్లో ముందే రాసిపెట్టారు. బేరింగు కూర్చునే కప్పును కూడా గరుకు కాగితంతో మెరిపించి వదులు చేసేశాక, ప్రెస్సులో పెట్టి దింపాల్సిన బేరింగు బొటనవేలితో తోస్తేనే అత్తారింటికొచ్చిన అల్లుడిలా దర్జాగా దిగుతుంది. “చూశావా ఫిట్టింగు!” అని బిల్డరు గారు మురిసిపోతారు.

యాక్సిల్ కూడా తామే తిప్పేవారున్నారు. రాడ్డు ఎక్కడిది? పాత ఇనుము కొట్టుది. ఏం ఉక్కు? గట్టి ఉక్కు. ఆటోనగర్ టర్నరు ఇలాంటి ముక్కను ముందు గ్రైండరుకు ఆనిస్తాడు. రవ్వలు ఎంత పొడుగు, ఎలా చిట్లుతున్నాయి అని చూసి, ఇది మామూలు మెత్తటి ఉక్కు ఎమ్మెస్సా, బలమైన ఈఎన్-8 లాంటిదా అని ఒక అంచనాకొస్తాడు. అనుమానముంటే “వద్దు సార్” అంటాడు. ఆ మాట పడకే కదా బిల్డరు గారు సొంత లేతు కొన్నది. ఇక యాక్సిల్ సన్నం నుంచి లావుకు మారేచోట చిన్న గుండ్రం వదలాలి, లేకపోతే పగులు అక్కడే పుడుతుంది. వీరు సూదిమొన టూలుతో అక్కడ కత్తివాదర మూల తీస్తారు. చూడ్డానికి అదే నీటుగా ఉంటుంది మరి.

గోడమీద మాత్రం బర్ట్ మన్రో బొమ్మ తప్పనిసరి. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ ముసలాయన. 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండికి అల్యూమినియం కరిగించి పాత డబ్బాల్లో పిస్టన్లు పోసుకున్నవాడు. 1967లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 290 కిలోమీటర్లు దాటించాడు. ఆయన షెడ్డు అరలో ‘వేగదేవుడికి నైవేద్యాలు’ అని రాసిపెట్టి ఉంచింది ఏమిటో తెలుసా? పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు. మన బిల్డరు గారి గాజు బీరువాలో విరిగింది ఒక్కటీ ఉండదు. విరగాలంటే బండి రోడ్డెక్కాలి.

ప్రభుత్వం ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 182ఎ సెక్షన్ చేర్చారు. నిబంధనలకు విరుద్ధంగా బండిని మారిస్తే మార్పుకు అయిదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టం బాగానే ఉంది. దాన్ని అమలుచేసేది మాత్రం చెవి ఒక్కటే. పోలీసులు మోతచేసే సైలెన్సర్లు పట్టుకుంటారు, నడిరోడ్డున వరసగా పేరుస్తారు, కెమెరాలు వచ్చాక రోడ్డురోలరు ఎక్కిస్తారు. పాత ఇనుము యాక్సిల్ ఏ చప్పుడూ చేయకుండా ఆ పక్కనుంచే వెళ్లిపోతుంది. విరిగిన రోజున చేస్తుంది చప్పుడు. దానికి రోడ్డురోలరు అక్కర్లేదు.

ఎప్పుడో ఒకప్పుడు బిల్డరు గారికి విసుగు పుట్టి, చెక్కపని మీదకు మనసు మళ్లి, బండి అమ్మకానికి పెడతారు. ప్రకటనలో మూత ఉంటుంది, ఫుట్‌రెస్టులుంటాయి, నీలం బోల్టులుంటాయి, ‘అన్నీ స్వహస్తాలతో’ అన్న ముక్క ఉంటుంది. స్పేసర్ ఊసుండదు. ఇంజినీరింగు మూడో ఏడు కుర్రాడొకడు నాన్నతో డబ్బు సర్దించుకుని వస్తాడు. బండి చుట్టూ తిరిగి, మూతమీద తన మొహం చూసుకుని జుట్టు సవరించుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు.

“అన్నా, సౌండెలా ఉంటది?”