పక్షిరాజుకి సిగ్నల్ అందని చోటు

ఈమధ్య మన సినీ పండితులకి కొత్త పుణ్యకార్యం ఒకటి దొరికింది. పాత విలన్లకి శాపవిమోచనం చేయడం. ఒకప్పుడు తిట్టిపోసిన పాత్రని నాలుగేళ్లు పోయాక అటక మీంచి దించి, దుమ్ము దులిపి, ‘అసలు నిజం చెప్పింది వీడేనయ్యా’ అంటూ మెళ్లో దండ వేస్తారు. ఆ వరసలో పెద్దపీట దక్కినవాడు ‘2.0’లోని పక్షిరాజు. 2018 నవంబరు 29న శంకర్ ఆ సినిమా వదిలినప్పుడు అక్షయ్ కుమార్‌కి జరిగిన సన్మానం వేరు. ఈకలున్నాయి, గోళ్లున్నాయి, గ్రాఫిక్సున్నాయి, నటుడేడీ అన్నారు. మేకప్పు కింద నటనకి ఊపిరాడలేదన్నారు. ఇప్పుడేమో మిద్దె మీద పిట్టలకి పెట్టిన నీళ్ల మూకుడు ఫొటో కింద ‘పక్షిరాజే కరెక్ట్’ అని రాస్తున్నారు. దేనిమీద రాస్తున్నారని అడక్కండి. ఫోన్ మీదే.

మరచినవారి కోసం కథ రెండు ముక్కల్లో. పక్షిరాజు పిట్టల శాస్త్రం చదువుకున్న ముసలాయన, చూడగానే సాలిం అలీ గుర్తొస్తారు. సెల్ టవర్ల రేడియేషన్‌కి పక్షులు చస్తున్నాయని గడపగడపకీ తిరిగి మొత్తుకుంటాడు. ఎవరూ వినకపోయేసరికి టవర్‌కే ఉరేసుకుంటాడు. పగబట్టిన శక్తిగా తిరిగొచ్చి జనం చేతుల్లోని ఫోన్లు లాక్కుని, వాటితోనే కొండంత పక్షి రూపం కడతాడు. ఆయన సిద్ధాంతమే కరెక్టయితే దాన్ని తేల్చుకోవడానికి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోని గూడెం కొత్తవీధి కన్నా మంచి ప్రయోగశాల దొరకదు. మండల కేంద్రం దాటి లోపలికి పోతే, ఏళ్ల తరబడి ఫోన్ అంటే టార్చిలైటూ పాటల పెట్టే. ఈకేవైసీ వేలిముద్రకి కొండెక్కాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనికి హాజరు ఫొటో యాప్‌లోనే పెట్టాలన్నారు, అంటే గునపంతో పాటు సిగ్నల్నీ భుజాన మోసుకెళ్లాలి. నొప్పులొచ్చిన తల్లిని డోలీలో మోస్తున్నవాళ్లు 108కి ఫోన్ చేయడానికి ఏ గుట్ట ఎక్కాలో ముందే గుర్తుపెట్టుకోవాలి. 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఒకేసారి 100 టవర్లు ప్రారంభిస్తే అందులో 85 ఈ జిల్లాకే వచ్చాయంటే, అంతకుముందు ఎంత నిశ్శబ్దమో లెక్క కట్టుకోవచ్చు. పక్షిరాజు ఇక్కడికొచ్చి ఫోన్లు లాక్కుంటే జనం ‘పోతే పోయింది, ఎలాగూ పలకదు’ అనుకునేవారు. ఏజెన్సీలో టవర్లు కూల్చినవాళ్లూ లేకపోలేదు గానీ, అది పిచ్చుకల కోసం కాదు.

రేడియేషన్ ఇంతగా లేని చోట పక్షులకి రామరాజ్యం ఉండాలి కదా! 2015 నవంబరులో ఏం జరిగిందో చూడండి. జీవో 97 పేరుతో ఇక్కడి జెర్రెల బాక్సైటు కోసం 1,212 హెక్టార్ల అడవిని తవ్వకానికి రాసిచ్చారు. గిరిజనం ఏళ్ల తరబడి పట్టుబట్టి పోరాడితే 2019లో గానీ అది రద్దు కాలేదు. కొండగోరింకకి గూడు పోయే ప్రమాదం వచ్చింది ఆ కాగితం నుంచి. దానికి రేడియేషన్ లేదు, సంతకం మాత్రమే ఉంది. ఆ జీవో మీద ‘పక్షిరాజే కరెక్ట్’ అని ఎవరూ రాయలేదు. సినిమాలో జీవోలు ఎగరవు మరి.

‘ఇదంతా మీ వాదన, సైన్సు ఏమంటోంది?’ అని అడగడం న్యాయమే. లక్షలాది పరిశీలనలు కూర్చి చేసిన 2020 నాటి దేశ పక్షుల స్థితి నివేదిక, పెద్ద నగరాల్లో పిచ్చుకలు తగ్గినా దేశం మొత్తం మీద పాతికేళ్లుగా నిలకడగానే ఉన్నాయని తేల్చింది. టవర్ల రేడియేషనే కారణమనడానికి ఆధారం దొరకలేదంది. 2012 సెప్టెంబరు నుంచి మన టవర్ల రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ హద్దులో పదోవంతే. టవర్లు అసలు పక్షుల్ని చంపవా అంటే, చంపుతాయి. అమెరికా, కెనడాల్లో ఏటా సుమారు 68 లక్షల పక్షులు వాటిని గుద్దుకుని చస్తాయని 2012లో ఒక అంచనా వచ్చింది. కానీ వాటిని చంపేవి రాత్రిపూట వెలిగే దీపాలూ, టవర్‌ని నిలబెట్టే తీగలూ. 2014లో జర్మనీ శాస్త్రవేత్తలు విద్యుదయస్కాంత రొద వల్ల వలసపిట్ట దిక్కు తప్పుతోందని నిరూపించారు. అది ఏఎమ్ రేడియో దరిదాపు తరంగాల సంగతి, సెల్‌ఫోన్ తరంగాలది కాదు. అంటే పక్షిరాజు పూర్తిగా గాలి కబుర్లు చెప్పలేదు. దొంగతనం జరిగిందన్నది నిజం, పట్టుకున్న దొంగ వేరు.

‘దొంగ ఎవడైతేనేం, జనం పిట్టలకి నీళ్లు పెడుతున్నారుగా’ అనే దయామయులున్నారు. వాళ్లు రాబందుల లెక్క వినాలి. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. చంపింది డైక్లోఫెనాక్, పశువులకి నొప్పి తగ్గడానికి వేసే మందు. ఆ మందు పడి చచ్చిన గొడ్డుని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడయ్యేవి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేసరికే ఆకాశం ఖాళీ అయింది. తప్పుడు ముద్దాయిని బోనులో నిలబెడితే అసలువాడు సంతలో హాయిగా తిరుగుతాడు. ఇంకో సంగతి. మన కొండల పక్షుల జాబితా మొదట్లో తుపాకీతోనే తయారైంది. 1930 ప్రాంతంలో తూర్పు కనుమల పక్షుల్ని సర్వే చేసిన వెర్నే బృందంవాళ్లు గూడెం కొత్తవీధి పక్కనున్న లంబసింగి దాకా వచ్చి, కాల్చిన పిట్టలకి చీటీలు కట్టి మ్యూజియాలకి పంపారు. పిట్టని ప్రేమించేవాడు ఎప్పుడూ అమాయకుడే అయి ఉండాలన్న నియమం చరిత్రకి లేదు.

ఇక నటుడి దగ్గరకి. అక్షయ్ కుమార్‌కి న్యాయం చేయాలనే వాదన నాదీనూ. కాకపోతే ‘పాత్ర కరెక్ట్, కాబట్టి నటన గొప్పది’ అంటే అది మొదటి తిట్టు కన్నా పెద్ద అవమానం. రెండో సగంలో వచ్చే వెనకటి కథ మళ్లీ చూడండి. పాతికేళ్లకు పైగా తన్ని, దూకి, నవ్వించి బతికిన నటుడు అక్కడ నడుం వంచుకుని అర్జీ పట్టుకున్న ముసలివాడు. కోపంలోనూ మర్యాద విడవడు. మంచివాడు, చదువుకున్నవాడు, చచ్చిన పిట్టని చేతిలో పెట్టుకుని చంపినవాడి చిరునామా తప్పు రాసుకున్నవాడు. విషాదం ఆ తప్పులోనే ఉంది. ఆయన చెప్పిందంతా నిజమైతే అది విషాదమెందుకవుతుంది, ప్రభుత్వ ప్రకటన అవుతుంది. ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడికి ఈలలు వేసినవాళ్లు ఇంటికెళ్లి పాచికలు కొనలేదు. ద్రౌపదికి జరిగింది సబబేనని వాదించలేదు. మహాభారతం అలవాటైన జనానికి ఓడినవాడిని చూసి ఏడవడానికి వాడు నిర్దోషి కానక్కర్లేదని ఎవరూ నేర్పనవసరం లేదు. సెల్‌ఫోన్ వచ్చాకే ఆ తెలివి పోయినట్టుంది. ఈ ఒక్క ముక్కలో పక్షిరాజు ఫోన్లని అనుమానించింది నిజమేమో.

‘తెలుగులో ఆ గొంతు కూడా ఆయనది కాదు, ఇక నటనేమిటి’ అన్నది పాత ఆక్షేపణ. నా సాక్ష్యం సరిగ్గా అదే. అరువు గొంతు పెట్టినా ఆ ముసలివాడు మనకి నమ్మకంగా కనిపించాడంటే, పని చేసింది ఆ నడుమూ ఆ చూపూ. ‘చివర్లో సినిమాయే పక్షిరాజు మాట నిజమంది కదా’ అన్నది ఇంకొంచెం గట్టి ఆక్షేపణ. అంది, హీరో శాస్త్రవేత్త వశీకరన్ నోటనే అంది. తాను తీసిన విషాదానికి తానే జడిసి దర్శకుడు చివర్లో పెట్టిన సర్కారు ముద్ర అది. విడుదలకి ముందు సెల్ కంపెనీల సంఘం సినిమా అబద్ధాలు ప్రచారం చేస్తోందని సెన్సారుకి ఫిర్యాదు చేసింది. ఆ కంపెనీలూ ఈ భక్తులూ చేసిన పొరపాటు ఒకటే, పాత్ర మాటని సినిమా వాంగ్మూలమనుకున్నారు. ఇద్దరి కళ్లూ తప్పిన దృశ్యం ముగింపులో ఉంది. పావురాల మీదెక్కిన బుల్లి రోబోలు వాటిని చంపుతామని బెదిరిస్తే, ఊరిని వణికించిన పక్షిరాజు వాటి కోసం పోరు ఆపేస్తాడు. పిట్టల్ని తాకట్టు పెట్టింది హీరో పక్షం. తల వంచింది విలన్. ఈకల కిందనున్న ముసలివాడు ముందే మన మనసులో కూర్చోకపోతే ఆ ఘట్టం బొమ్మల కొట్లాటగా మిగిలేది.

ఇదంతా రాసినా మళ్లీ వేసవికి నీళ్ల మూకుళ్లొస్తాయి, వాటి కింద ఆ రెండు మాటలూ వస్తాయి. గూడెం కొత్తవీధి వైపు సప్పర్ల ఘాటీలో ఎవరికైనా రాయాలనిపిస్తే మాత్రం, అది పోస్టవ్వడానికి ముందు గుట్టెక్కాలి.