ఉరిసే ఇంటికి టీకా తాత్పర్యం

మూలం:

ఉరియు చోటఁ జిల్లి యుండదు రేకున
చిల్లి యున్న చోటఁ జినుకు రాదు
ఎగువ నెక్కి చూడు మెండకాలమునందె
బకెటు జరుపుకొన్న పనియె పెరుగు

అవతారిక: మెదక్ జిల్లా కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన మల్లినాథసూరి కాళిదాస, భారవి, మాఘాదుల కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేశాడు. ఇంటి కప్పు ఉరవడం గురించి వ్యాఖ్యకు తగిన మూలమేదీ కనిపించకపోవడంతో ఈ వ్యాఖ్యాత ముందు మూలం రాసుకుని, ఆ పైన దాని మీద వ్యాఖ్య రాస్తున్నాడు. ప్రతిజ్ఞలో మొదటి సగం సాంకేతికంగా నిలిచింది. రెండో సగం సంగతి చదివేవారు తేల్చాలి. పద్యం ఆటవెలది. నాలుగో పాదంలో బకారానికి పకారానికి యతి చెల్లుతుంది. మహాకవుల ఊళ్లయిన బమ్మెర, పాలకుర్తి రెండూ ఇక్కడి జనగామ జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఈ హామీ ఇవ్వక తప్పదు.

ప్రతిపదార్థం: ఉరియు చోటన్ = ఇంట్లో చుక్క పడే చోటికి నేరుగా పైన; రేకునన్ = సిమెంటు రేకులోగాని ఇనుప రేకులోగాని (గూనపెంకకు, బెంగుళూరు పెంకకు కూడా ఇది ఉపలక్షణం); చిల్లి ఉండదు = నీళ్లు దిగే దారి ఉండదు; చిల్లి ఉన్న చోటన్ = ఆ దారి ఉన్న చోటికి కింద; చినుకు రాదు = చుక్క పడదు; ఎగువన్ = వాలుకు పైదిక్కున, అనగా కొప్పు వైపు; ఎండకాలమునందె = మృగశిర కార్తె రాకముందే; బకెటు = గిన్నె, తపేలా, రంగు డబ్బా మొదలైన సమస్త పాత్రజాతి; జరుపుకొన్నన్ = చుక్క జరిగినప్పుడల్లా దానితో పాటు జరిపితే; పనియె పెరుగున్ = స్పష్టం. నాలుగో పాదంలో ‘బకెటు’కు బదులు ‘పరదా’ అని ఉండాలనే వారున్నారు. కప్పు మీద ప్లాస్టిక్ పరదా పరిచి రాళ్లు పెట్టేవాళ్లే ఎక్కువ కాబట్టి వ్యవహారంలో వారి మాటే నిజం. యతి కూడా నిలుస్తుంది. గణం మాత్రం చెడుతుంది.

తాత్పర్యం: కప్పు మరమ్మతు అంటే చిల్లు మూయడం కాదు, నీళ్లు నడిచిన దారిని వెనక్కి పట్టుకుపోవడం. వెతకకుండా చేసే మరమ్మతు ఆ దారిని దాచిపెట్టి వచ్చే ఏడు ఖర్చు పెంచుతుంది.

వ్యాఖ్య: మొదటి రెండు పాదాలు చమత్కారం కోసం చెప్పినవని పూర్వపక్షి అనుకుంటాడు. నీళ్లు కిందికే కదా పడతాయి, చుక్క పైన చిల్లు లేకుంటే చుక్క ఎట్లా పడ్డదని అతని ప్రశ్న. చెంబు నెమ్మదిగా వంచితే ధార తిన్నగా పడక చెంబు అంచు పట్టుకుని అడుగుకు పాకుతుంది కదా, రేకు కింద జరిగేదీ అదే. హుక్కు పక్క నుంచో, రేకు మీద రేకు ఎక్కిన అతుకు నుంచో దిగిన నీరు రేకు అడుగును కరచుకుని వాలు వెంట నడుస్తుంది. రేకును మోసే దంతె గాని, ఇనుప పైపు గాని, గోడ గాని అడ్డం వచ్చినప్పుడు అక్కడ కూడుకుని బరువై పడుతుంది. ఒక్కోసారి దంతె వెంట అడ్డంగా కూడా పాకి వంటింట్లో దిగినది పడకటింట్లో పడుతుంది. కాబట్టి చుక్క పడిన చోటు నీటి ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. ఈ పాదానికి ఇంకొక అర్థం కూడా ఉంది. చలికాలం తెల్లవారుజామున, వాన లేని రోజున ఇనుప రేకు చల్లబడి ఇంట్లోని ఆవిరిని పట్టి చెమర్చుతుంది. ఆ చెమట కూడా చుక్కలుగా పడుతుంది. అప్పుడు కప్పు మొత్తం మీద చిల్లి అన్నదే ఉండదు. దానికి తారు పూసే వారు, కావలసింది గాలి దారి అని తెలియక, గాలి పోయే సందులను కూడా మూస్తారు. ఉరుపును చూడగానే మొదట అడగవలసింది ఎక్కడ పడ్డదని కాదు, ఏ వేళ పడ్డదని.

నీరు కనిపించే చోట కాక కనిపించని చోట పని చేస్తుందనడానికి పెద్ద నిదర్శనం మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 నాటి వానలకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. పైనున్న ఇనుము ఉన్నచోటే ఉంది, దాన్ని మోసేది పోయింది. కప్పు విషయంలోనూ రేకు చెడిపోవడం అరుదు. రేకును పట్టి ఉంచేవి ముందు చెడతాయి: హుక్కు, దాని తారు వాషరు, అతుకు, గోడను తాకే అంచు, కొప్పు రేకు. వెల చూస్తే ఇల్లంతటిలో ఇవే చవకైన వస్తువులు. లోహపు రేకు పనికి పేరు పొంది, గుడి తలుపులకు ఇత్తడి తొడుగులు కొట్టిన పెంబర్తి జనగామ పక్కనే ఉంది. ఆ జిల్లాలోనే ఇంటి రేకుకు వాషరు మరిచిపోవడం వ్యాఖ్యాతకు కొరుకుడు పడని విషయం.

ఇక్కడ ఒక శంక. అమెరికాలో చక్రాల మీద తెచ్చి దింపే ఇళ్లున్నాయి. వాటి నిర్మాణానికి 1976 జూన్ 15 నుంచి దేశమంతటికీ ఒకే నియమావళి అమలులో ఉంది. కప్పును ఏటా చూసుకోవాలని, అతుకులకు కొత్త పూత వేయాలని అక్కడివారు చెబితే అర్థముంది, ఎందుకంటే కదిలి వచ్చిన ఇల్లు కాబట్టి అతుకులు సడలుతాయి. మన ఇళ్లు పునాది మీద కదలకుండా ఉన్నవి, భూపాలపల్లి గనుల దగ్గర లారీలో వచ్చి దిగే సైటు క్యాబిన్లకైతే సరే గాని మనకెందుకీ తంటా అని. దీనికి సమాధానం లెక్కలో ఉంది. ఉక్కు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 12 అడుగుల ఇనుప రేకు మధ్యాహ్నం 65 డిగ్రీలకు ఎక్కి తెల్లవారేసరికి 25కు దిగితే రోజుకు ఒకటిముప్పావు మిల్లీమీటరు సాగి ముడుచుకుంటుంది. హుక్కు మాత్రం దంతెను పట్టుకుని కదలకుండా ఉంటుంది. ఏడాదికి 365 సార్లు ఈ పెనుగులాట జరిగితే గుండ్రని చిల్లు కోలగా మారుతుంది, వాషరు నలిగి చీలుతుంది. చక్రాలు లేకపోయినా రేకుల ఇల్లు రోజూ ఒకసారి కదిలి తిరిగి వస్తున్నదన్నమాట. భూపాలపల్లిలో ఓపెన్‌కాస్టు గనుల పక్క ఊళ్లవారు పేలుళ్లకు ఇళ్లు అదురుతున్నాయంటారు. ఆ అదురు నట్టును ఎంత వదులు చేస్తుందో కొలిచి చెప్పనక్కరలేదు, గట్టిగా ఉందో లేదో వేలితో తిప్పి చూస్తే చాలు. కోతుల సంగతి చెప్పకపోతే వ్యాఖ్య అసంపూర్ణం. కప్పు మీద వాటి దూకుడుకు గూనపెంక నిలవదు. పెంకలు సదరే పనివారు కరువై, కుమ్మరి వాములు ఆరిపోయి, దానికి కోతులు తోడై చాలామంది రేకులకు మారారు. రేకు కోతికి పగలకపోవచ్చు, కాని దూకిన ప్రతిసారీ హుక్కు మీద గుంజు పడుతుంది.

మూడో పాదంలో ‘ఎండకాలమునందె’ అన్న ఏవకారం మీద వాదం పెద్దది. వానాకాలంలోనే కదా ఉరుపు కనిపించేది, కనిపించనప్పుడు ఏం వెతుకుతారని ప్రశ్న. ఏవకారం ‘ఎక్కి’ అన్న క్రియకే గాని ‘చూడుము’కు వర్తించదని సిద్ధాంతం. చూడడం రెండు విడతలు. వాన పడుతున్నప్పుడు లోపల నుంచి చూసి, నీరు మొదట కనిపించిన దంతె మీద బొగ్గుతోనో సుద్దతోనో గీత గీయాలి. ఎక్కడం ఎండల్లో. తడి రేకు మీద పాకుడుకు కాలు నిలవదు, తడి మీద ఏ పూతా పట్టదు. అది కూడా పొద్దున్నే ఎక్కాలి. పెద్దల మాట ప్రకారం రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి. రోలు ఆగనిచోట తారు వాషరు ఆగదు, అరికాలు అంతకన్నా ఆగదు. గీత ఉన్న దంతె నుంచి కొప్పు వరకు ఉన్న ప్రతి హుక్కునూ, ప్రతి అతుకునూ చూడాలి. ఏదీ కనిపించకపోతే పైపుతో నీళ్లు పట్టాలి, అదీ చూరు నుంచి మొదలుపెట్టి ఒక్కో అతుకు దగ్గర కొన్ని నిమిషాలు ఆగి పైకి పోవాలి. లోపల ఒకరు చూస్తుండాలి. మీద నుంచి మొదలుపెడితే కప్పంతా తడిసి ఏ అతుకు దోషో తేలదు. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి లోపల నుంచి చూస్తే చిల్లుల గుండా వెలుగు చుక్కలు కనబడతాయనే మాట నిజమే. కాని అతుకు నుంచి పాకే నీటికి వెలుగు చుక్క ఉండదు. ఆ పరీక్ష తప్పున్నదని చెప్పగలదు, తప్పు లేదని చెప్పలేదు.

వానలు తక్కువ పడే జనగామ వైపు ఇదంతా ఎందుకని ఒకరంటే, కుండపోత పడే భూపాలపల్లి వైపు ఇదంతా దండగని మరొకరంటారు. ఇద్దరి వాదమూ నిలవదు. వాన తగ్గినంత మాత్రాన ఎండ తగ్గదు, వాషరును చంపేది ఎండ. ఏళ్ల తరబడి ఎండిన కప్పు లోపం మొదటి గట్టి వానకే బయటపడుతుంది. ఇక రెండో వాదం. 2023 జూలై చివరి వారంలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 61.65 సెంటీమీటర్లు పడింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగి, జనం కప్పులు, చెట్లు ఎక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. అంతటి వానకు వాషరు ఏం చేస్తుందని అడిగితే, ఆ నీరు వాకిలి నుంచి వచ్చింది గాని కప్పు నుంచి కాదని జవాబు. కప్పు లెక్క వేరు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల కప్పు మీద చిట్యాల వాన దాదాపు 23 వేల లీటర్లు. అందులో పదివేలో వంతు లోపలికి దిగినా రెండు లీటర్ల పైచిలుకు, ఒక పరుపుకు అది చాలు. వాన పెద్దదైన కొద్దీ చిన్న తప్పు పెద్ద తప్పవుతుంది. ఆ రోజు కప్పులెక్కిన వారిని తలచుకుని స్లాబే మేలనడం న్యాయమే, మనుషులను మోయగలిగేది అదే. ఉరవదనడం మాత్రం న్యాయం కాదు. స్లాబులో నీరు సన్నని పగుళ్ల వెంట, ఇనుప ఊచల వెంట రేకు కింద కంటే దూరం నడుస్తుంది. స్లాబుకు మొదటి రెండు పాదాలు మరింత వర్తిస్తాయి. కప్పు బరువు తగ్గించడానికి 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుకలు పేర్చిన నేల ఇది. బరువే భద్రత అన్న నమ్మకం ఇక్కడ ఎప్పుడు పుట్టిందో తెలియదు.

నాలుగో పాదం తేలికగా కనిపిస్తుంది గాని అందులో ఒక కఠిన తీర్పు ఉంది. దొరికిన చోటల్లా తారో, ఎం-సీల్ ముద్దో దట్టించడం బకెటు జరపడంతో సమానమని కవి హృదయం (కవి ఎవరో తెలుసు కాబట్టి ఈ మాట ధైర్యంగా అనవచ్చు). పూత ముద్ద వాలుకు అడ్డంగా నిలిచి ఎగువన నీటిని ఆపుతుంది, ఆగిన నీరు పక్క అతుకులోకి ఎక్కుతుంది. ఏడాదికి ముద్ద ఎండి చీలుతుంది, కింద అసలు తప్పు కనిపించకుండా పోతుంది. సరైన పని దీనికంటే చిన్నది: నట్టు విప్పి పాత వాషరు తీసి కొత్త తారు వాషరు, దాని మీద ఇనుప వాషరు వేసి, బిగువుగా మాత్రమే తిప్పాలి. బలమంతా పెట్టి తిప్పితే సిమెంటు రేకు పగులుతుంది. కొత్త చిల్లు వేయవలసి వస్తే రేకు అల మిట్ట మీద వేయాలి, నీరు పారే పల్లంలో వేయకూడదు. చిల్లు బోల్టు కంటే కొంచెం పెద్దగా ఉండాలి, రోజూ కదిలే రేకుకు ఆ చోటు కావాలి. కింది రేకు మీదికి పై రేకు కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కాలి. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది కాబట్టి మిషనుతో పొడిగా కోయకుండా, తడిపి చేతి పనిముట్టుతో చిల్లు వేయాలి. ఎక్కేవారు రేకు నడుమ అడుగు పెట్టకూడదు. హుక్కుల వరుస ఉన్న చోట కింద దంతె ఉంటుంది, దాని మీద పలక వేసుకుని నడవాలి. సిమెంటు రేకు పగిలి మనిషి కిందపడి చనిపోవడం అరుదైన వార్త కాదు.

కిరాయిదారు శంక ఒక్కటి మిగిలింది. ఇల్లు మనది కానప్పుడు ఎండకాలం నిచ్చెన ఎందుకు ఎక్కాలి, పరదా కొంటే పోయేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు కదా అని. లెక్కకు ఇది గట్టి వాదమే. అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. తాను చేయించవలసిన మరమ్మతును యజమాని, నోటీసు అందాక కూడా సమంజసమైన గడువులో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు. మరమ్మతు యజమాని బాధ్యతేనని ఒప్పందంలో ఉండాలి, అది ముందే రాయించుకోవాలి. ఇక నోటీసు. ‘ఇల్లు ఉరుస్తున్నది’ అని రాస్తే ‘వాన వెలవనీ, చూద్దాం’ అని జవాబు వస్తుంది. ‘పడమటి వాలులో కొప్పు నుంచి రెండో దంతె మీద మూడు హుక్కుల వాషర్లు పోయినయి’ అని ఏప్రిల్ నెలలో రాసిన నోటీసుకు ఆ జవాబు చెల్లదు.